గుర్రపు పిల్ల పుట్టకముందే కంచెను ఎలా సరిచేసుకోవాలి?

వరంగల్ చుట్టుపక్కల బారాత్‌ల కోసం గుర్రాలు పెంచేవాళ్లు చాలామంది వాటిని పొలంలోనే వదులుతారు. చుట్టూ రాతి కడీలు, నాలుగైదు వరుసల ముళ్ల తీగ. ఆ తీగ ఎక్కడుందో పెద్ద గుర్రానికి అలవాటే. పుట్టిన పిల్లకు కంచె అనేది ఒకటుందనే తెలియదు. గంటా రెండు గంటల్లో లేచి నిలబడుతుంది, చూస్తుండగానే పరుగులు మొదలుపెడుతుంది. గుర్రానికి చూడి కాలం దాదాపు 11 నెలలు. పదో నెలకల్లా కంచె పని పూర్తి చేసుకోండి.

మొదట ముళ్ల తీగ తీసేయండి. ఇందులో రాజీ వద్దు. మా దగ్గర ఒక పిల్ల కంచె పక్కనే పడుకుని నిద్రలో అటు దొర్లింది. లేవబోతే కాలు కింది రెండు తీగల మధ్య ఇరుక్కుంది. గుంజుకున్న కొద్దీ ముళ్లు లోపలికి దిగాయి. తల్లి నేల తవ్వుతూ సకిలిస్తూనే ఉంది. కటింగ్ ప్లయర్ వెతికి తెచ్చేసరికి మోకాలి కింద చర్మం ఊడి తెల్లగా ఎముక కనబడింది. గుర్రానికి అక్కడ కండ ఉండదు, చర్మం కిందే నరాలు, ఎముక. అందుకే ఆ గాయం తొందరగా మానదు.

తీగ బదులు చిన్న కన్నుల జాలి కట్టండి. కన్ను 2 అంగుళాల వెడల్పు, 4 అంగుళాల ఎత్తు దాటకూడదు. పెద్ద కన్నుల జాలి చవకే, కానీ పిల్ల గిట్ట అందులో దూరితే వెనక్కి రాదు. జాలి కడీలకు లోపలి వైపు ఉండాలి, లేకపోతే పరుగులో భుజం రాతికి కొట్టుకుంటుంది. బైండింగ్ వైరు కొసలు బయటికి వంచండి. కట్టడం అయ్యాక అరచేయి జాలి మీద ఆనించి పొడవునా మెల్లగా నడవండి. మీ చేతికి గుచ్చుకున్నది రేపు పిల్ల కంటికి గుచ్చుకుంటుంది.

జాలి అడుగు నేలకు ఆనాలి. వానకు మట్టి కొట్టుకుపోయిన చోట వెంటనే పూడ్చండి, ఊరకుక్కలు దూరేదీ అక్కడే. తల్లి దూకకుండా ఎత్తు 5 అడుగులు ఉంచండి. జాలి దూరం నుంచి కనబడదు కాబట్టి పైన సర్వి కట్టె అడ్డంగా కట్టండి. మూలల్లోనూ అలాగే అడ్డం వేసి గుండ్రంగా చేయండి. గేటుకూ కడీకీ మధ్య సందు మూసేయండి.

పందుల కోసం మక్క చేనుకు పెట్టే సోలార్ ఝట్కా తీగ ఇక్కడ వద్దు. సన్న తీగ పిల్లకు కనబడదు, షాక్ తగిలితే ముందుకే దూకుతుంది.

లోపల వ్యవసాయ బావి ఉంటే దానికి వేరే కంచె తప్పనిసరి. దడిలో గన్నేరు ఉంటే వేళ్లతో సహా పీకి దూరంగా పారేయండి, ఎండిన ఆకు కూడా విషమే.

పిల్లను బయటికి తెచ్చే రోజు, బాగా తెల్లారాక, తల్లిని పగ్గం పట్టుకుని కంచె వెంట నడిపించండి. పిల్ల వెనకే వస్తుంది. మూతితో జాలిని తాకి, వాసన చూసి, తనంతట తాను పక్కకు తిరిగేదాకా తిప్పండి. ఆ తర్వాతే పగ్గం వదలండి.