వేర్వేరు టికెట్లతో విమానం మారుతున్నారా? ట్రాన్సిట్ వీసాకు ఇలా అప్లై చేయండి

ముందు సూట్‌కేసు సంగతి తేల్చుకోండి, వీసా ఫారం తర్వాత తెరవొచ్చు. రెండు విమానాలూ ఒకే టికెట్ మీద ఉంటే బ్యాగు మామూలుగా నేరుగా చివరి ఊరికి వెళ్లిపోతుంది. విడివిడిగా కొన్నారంటే మొదటి ఎయిర్‌లైన్ లెక్కలో మీ ప్రయాణం మధ్య ఊళ్లోనే అయిపోయినట్టు, కాబట్టి చాలావరకు బ్యాగు అక్కడి బెల్టు మీదే దిగుతుంది, దాన్ని తీసుకుని మళ్లీ చెక్-ఇన్ చేయాలంటే ఇమ్మిగ్రేషన్ దాటాలి, అంటే ఆ దేశంలో అడుగుపెట్టినట్టే. కొన్ని ఎయిర్‌లైన్లు వేరే టికెట్ ఉన్నా బ్యాగును చివరిదాకా పంపుతాయి కానీ, అది ముందే అడిగి రాతపూర్వకంగా చెప్పించుకుంటేనే నమ్మండి.

మధ్య దేశంలో విమానం మారడానికి ఇచ్చే ట్రాన్సిట్ వీసా అవసరమా కాదా అన్నది మీ పాస్‌పోర్టును బట్టి ఉంటుంది. అవసరమైతే మాత్రం రకం సరిగ్గా ఎంచుకోవాలి, ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. షెంగెన్ దేశాల్లో (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాలు) 'ఎ' టైప్ వీసా ఎయిర్‌పోర్టు లోపల ఉండేందుకే, బయటికి రావాలంటే 'సి' టైప్ కావాలి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి, అక్కణ్నుంచి ప్యారిస్ వెళ్లి మరో విమానం ఎక్కేవాళ్లకు చేతిలో చిన్న బ్యాగు మాత్రమే ఉన్నా 'సి' టైపే, ఎందుకంటే రెండూ షెంగెన్ ఊళ్లే కాబట్టి ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే ఇమ్మిగ్రేషన్ దాటాలి. బ్రిటన్‌లో లోపలే ఉండేవాళ్లకు డైరెక్ట్ ఎయిర్‌సైడ్ ట్రాన్సిట్ వీసా, ఇమ్మిగ్రేషన్ దాటి 48 గంటల్లోపు వెళ్లిపోయేవాళ్లకు విజిటర్ ఇన్ ట్రాన్సిట్ వీసా. అమెరికాలో ఈ తేడాయే లేదు, అక్కడ విమానం మారే ప్రతి ఒక్కరూ ఇమ్మిగ్రేషన్ దాటాల్సిందే: సి-1 అనే ట్రాన్సిట్ వీసా కావాలి, చెల్లుబాటయ్యే బి1/బి2 (బిజినెస్, టూరిస్టు) వీసా ఉంటే మళ్లీ సి-1 అక్కర్లేదు. కెనడా 48 గంటల్లోపు ట్రాన్సిట్ వీసాకు ఫీజు తీసుకోదు.

అప్లై చేసేటప్పుడు వరుస ముఖ్యం. ముందు చివరి దేశం వీసా, తర్వాతే మధ్య దేశానిది, ఎందుకంటే మీరు ముందుకు వెళ్లిపోతారని చూపించడానికి మీ దగ్గరుండే గట్టి కాగితం అదే. ఫారంలో ప్రయాణ ఉద్దేశం దగ్గర ట్రాన్సిట్ అని పెట్టండి. రెండు టికెట్లూ ఒకే బుకింగ్‌లో లేవు కనుక రెండింటి పీడీఎఫ్‌లూ జతచేసి, ఎప్పుడు దిగుతారో, బ్యాగు తీసుకుని ఎప్పుడు మళ్లీ ఎక్కుతారో నాలుగు లైన్ల కవరింగ్ లెటర్‌లో రాయండి. అది చదివితే బయటికి ఎందుకు రావాల్సి వస్తోందో ఆఫీసరుకు వెంటనే అర్థమవుతుంది. షెంగెన్‌కు ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, కనీసం 15 రోజుల ముందు ఇచ్చేయాలి. తిరుగు ప్రయాణం కూడా అదే దారిలో అయితే ఎన్నిసార్లు ప్రవేశిస్తారో రాసే ఎంట్రీల గడిలో ఒకటి కాదు, రెండు అడగండి.

బయల్దేరే రోజు చెక్-ఇన్ కౌంటర్లో మీ పాస్‌పోర్టు వివరాలను టైమాటిక్ అనే సిస్టమ్‌లో చూస్తారు. వీసా కావాలని అందులో వస్తే, అది మీ దగ్గర లేకపోతే, బతిమాలినా ఎక్కించుకోరు. రెండో విమానం మిస్సయిన నష్టం కూడా మీదే. బ్యాగుకు ట్యాగు కట్టాక దాని మీద పెద్దగా కనిపించే మూడక్షరాల కోడ్ చూసుకోండి, అది మధ్య ఎయిర్‌పోర్టుదైతే బ్యాగు అక్కడే దిగుతుంది.