కర్రపెండలం ముక్కలు డ్రయ్యర్‌లో పెట్టే ముందు

ముసురు పట్టినప్పుడు కళ్లంలో ఆరబోస్తే ముక్కలకు బూజు ఖాయం. అందుకే డ్రయ్యర్. కానీ స్విచ్ వేసే ముందు ఇవి చూసుకోండి.

• దుంప తవ్వి రెండు రోజులు దాటిందా? విరిచి చూడండి. లోపల నీలి, నల్ల చారలుంటే పక్కన పెట్టేయండి.

• తొక్క పూర్తిగా తీయాలి. సైనైడ్ విషం మామూలుగా అందులోనే ఎక్కువ.

• ముక్కలన్నీ ఒకే మందం, 3 నుంచి 5 మిల్లీమీటర్లు.

• వేడి 55–60 డిగ్రీలు చాలు. అసలు కిటుకు ఇదే. తొందరపడి 80కి పెంచితే పైన పిండి ఉడికి గాజులా పొర కడుతుంది, లోపలి తేమ బయటికి రాదు. పైగా విషాన్ని విడగొట్టే ఎంజైమ్ ముందే పనిచేయడం మానేస్తుంది. చేదు రకాలకైతే డ్రయ్యర్‌ ఒక్కదాన్నే నమ్ముకుని తినొద్దు. నానబెట్టడం, పులియబెట్టడం లాంటివి ముందే కావాలి.

• కట్టెల పొయ్యితో నడిచేదైతే పొగ గొట్టంలో చిల్లులు చూడండి. గది కిటికీలు తెరిచే ఉంచండి.

• దించే ముందు ఒక లావు ముక్క విరవండి. పుటుక్కుమనాలి, వంగిందంటే ఇంకా తేమ ఉన్నట్టే. మీటరుంటే 12 శాతం చూపాలి.

• చల్లారాకే సంచికెత్తండి. వేడి మీద మూట కడితే లోపల చెమట పడుతుంది.