ఫోన్ మోడల్‌ను గుర్తుపట్టడం – 3వ పాఠం: అందరికీ అందే డేటా

*#06# కొడితే వచ్చే 15 అంకెల ఫోన్ గుర్తింపు సంఖ్య ఐఎంఈఐలో మొదటి 8 అంకెలు, అంటే టీఏసీ, మోడల్‌ను చెబుతాయని పోయిన పాఠంలో చూశాం. ఆ 8 అంకెల పక్కన మోడల్ పేరున్న పట్టిక ఎక్కడ దొరుకుతుందో ఇప్పుడు వెతుకుదాం.

అసలు పట్టిక మొబైల్ కంపెనీల అంతర్జాతీయ సంఘం జీఎస్ఎంఏ దగ్గరుంది. దాన్ని ఎవరు పడితే వాళ్లు దించుకోలేరు. ఇంత మందికి పనికొచ్చే సమాచారం తాళం వేసి ఉండటం నాకు సబబుగా తోచదు. మన దేశంలో కేవైఎం (KYM) అని, ఒక ఖాళీ వదిలి ఐఎంఈఐ రాసి 14422కి ఎస్ఎంఎస్ పంపితే ఫోన్ వివరాలు వస్తాయి. కొనబోయే పాత ఫోన్‌ను సరిచూసుకోవడానికి అది చాలు, వేల వరసల డేటాకు చాలదు. మొబైల్ నెట్‌వర్క్‌ల కోసం స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ రాసే ఆస్మోకామ్ ప్రాజెక్టు వాళ్లు జనం పంపిన టీఏసీలను పోగుచేసి స్వేచ్ఛా లైసెన్సుతో ఇచ్చారు. జీఎస్ఎంఏ పట్టిక ముందు అది చిన్నదే అయినా, మొదలు అక్కడే పెట్టండి.

రెండో దారి గూగుల్ ప్లే ఇచ్చే పరికరాల సీఎస్‌వీ ఫైలు, అంటే ఎక్సెల్‌లో తెరుచుకునే మామూలు టెక్స్ట్ పట్టిక. ఇందులో టీఏసీ ఉండదు. బ్రాండు, మార్కెట్ పేరు, డివైస్, మోడల్ అని నాలుగు నిలువు వరసలుంటాయి. మీ దగ్గరున్నది ఐఎంఈఐ కాక, యాప్ పంపిన మోడల్ కోడ్ అయితే ఇదే కావాలి. మార్కెట్ పేరును నమ్మి మీ డేటాను ఈ ఫైలుతో జత కలపకండి. గెలాక్సీ ఎస్21 5జీ అనే ఒక్క పేరు కింద ఎస్ఎం-జీ991బీ, అమెరికాలో అమ్మిన ఎస్ఎం-జీ991యూ రెండూ ఉన్నాయి. వాటి ప్రాసెసర్లే వేరు. మోడల్ నిలువు వరసతోనే కలపాలి. ఫైలు తెరిస్తే అక్షరాలు చెదిరి కనిపించాయంటే, యూటీఎఫ్-16 ఎన్‌కోడింగ్ ఎంచుకుని మళ్లీ తెరవండి. ఐఫోన్లు, మామూలు బటన్ ఫోన్లు ఇందులో వెతికి లాభం లేదు.

రెండు జాగ్రత్తలు. టీఏసీ నిలువు వరసను ఎక్సెల్‌లో టెక్స్ట్‌గా పెట్టండి. 01తో మొదలయ్యే టీఏసీలున్నాయి, సంఖ్యగా పెడితే ముందున్న సున్నా ఎగిరిపోతుంది. వెతకడానికి 8 అంకెలు చాలు కాబట్టి, తెలియని సైట్లలో మొత్తం ఐఎంఈఐ ఎప్పుడూ కొట్టకండి. ఆ 15 అంకెలు మీ ఒక్క ఫోన్‌వే.

అభ్యాసం: ఇంట్లో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ల సెట్టింగ్స్‌లో మోడల్ కోడ్ చూసి రాసుకోండి. ప్లే ఫైల్లో ఒక్కోదానికి ఎన్ని అడ్డు వరసలు వచ్చాయో లెక్కపెట్టండి. ఒకటికి మించి వస్తే ఏది ఉంచాలో 4వ పాఠంలో తేలుద్దాం.