మొర్రిపండు తిన్నాక గింజ పారేయకండి: ఇంట్లోనే సారపప్పు తీసుకోవడం ఎలా?

ఎండాకాలంలో అడవి పక్క ఊళ్ల సంతల్లో నల్లగా నిగనిగలాడే మొర్రిపండ్లు కుప్పలు పోసి అమ్ముతారు. పుల్లపుల్లగా తియ్యగా ఉన్న గుజ్జు చప్పరించి గింజ ఉమ్మేస్తాం. పాయసంలోకి, డబుల్ కా మీఠాలోకి అంత డబ్బు పోసి కొనే సారపప్పు ఆ గింజలోదే.

గుజ్జులో నీళ్లు, కాస్త చక్కెర. అసలు బలమంతా పప్పుది. 100 గ్రాముల సారపప్పులో సుమారు 59 గ్రాముల కొవ్వు, 19 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. అదే జీడిపప్పులో కొవ్వు 47 గ్రాములే. సారపప్పు కొవ్వులో ఎక్కువ వాటా ఒలియిక్ ఆమ్లానిది, ఆ తర్వాత పామిటిక్‌ది. కాల్షియం, ఇనుము కూడా బాగానే ఉంటాయి. అందుకే ఈ పప్పు గుప్పెడు తినాల్సిన పని లేదు, ఒక చెంచా చాలు.

మొదట బాగా పండినవే తెచ్చుకోండి. పచ్చికాయలో పప్పు గట్టిపడదు. మీరే కోస్తుంటే కొమ్మలు విరవకండి. పచ్చిగానే దులిపేయడం, కొమ్మలు నరకడం వల్లే చాలాచోట్ల మొర్రిచెట్లు తగ్గిపోయాయి.

తిన్న గింజలన్నీ ఒక గిన్నెలో వేసి రాత్రంతా నీళ్లలో నానబెట్టండి. పొద్దున గోనెసంచి ముక్క మీద పోసి అరచేత్తో గట్టిగా రుద్దితే మిగిలిన తొక్క, గుజ్జు ఊడి వస్తాయి. రెండు మూడుసార్లు కడిగి, గలగలమనేదాకా ఎండబెట్టండి. ఇక్కడ తొందరపడితే పెంకు సరిగ్గా పగలదు, పప్పుకి బూజు పడుతుంది.

ఇక పగలగొట్టడం, ఓపికంతా దీనికే కావాలి. గిరిజన ఇళ్లలో తిరగలిలో పోసి తిప్పుతారు. ఇంట్లో కొన్నే ఉంటే సన్నికల్లు మీద ఒక్కొక్క గింజనీ నిలబెట్టి, పొత్రంతో మెల్లగా ఒక్క దెబ్బ వేయండి. గట్టిగా కొడితే పప్పు నలిగి నూనె అంటుకుంటుంది. పెంకు రెండుగా విచ్చుకున్నాక లోపల కందిపప్పు కంటే కాస్త పెద్దగా, లేత గోధుమరంగులో, ఎర్రటి చారలతో పప్పు కనిపిస్తుంది. చేటలో పోసి చెరిగితే పెంకులు వేరవుతాయి. దోసెడు గింజలకు దక్కేది కొంచెమే. కొట్టులో ధర ఎందుకంతో అప్పుడు అర్థమవుతుంది.

నూనె ఎక్కువ కాబట్టి బయట పెడితే త్వరగా మక్కువాసన వస్తుంది. మూత బిగుతుగా ఉన్న సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. జీడిపప్పు పడనివాళ్లు దీని జోలికి పోకపోవడమే మంచిది, రెండూ మామిడి కుటుంబానివే.

వేయించేటప్పుడు సెగ బాగా తగ్గించండి, నిమిషంలో మాడిపోతుంది. రంగు కాస్త మారగానే నేతితో సహా పాయసంలోకి వంపేయండి.