పాత జేబు చాకు ఏ రకమో గుర్తుపట్టడం ఎలా?

పాత మడత చాకులు సేకరించాలని సరదా పుట్టగానే కనబడిందల్లా కొనేస్తే డ్రాయరు నిండుతుంది గానీ విషయం ఒంటబట్టదు. ఒక కంపెనీని పట్టుకుని మొదలుపెట్టండి. నా ఓటు అమెరికా కంపెనీ కేస్‌కి. 1905 నుంచి పెన్సిల్వేనియా రాష్ట్రంలోని బ్రాడ్‌ఫర్డ్‌లో చాకులు చేస్తున్న ఈ కంపెనీ, చాకు జాతకమంతా చాకు మీదే చెక్కి పెట్టింది.

1. ముందు ఆకారం చూడండి

అలుగులు, అంటే కోసే రేకులు, పిడికి ఒక కొసనే ఉన్నాయా, రెండు కొసల్లోనూ ఉన్నాయా? సగం చిక్కు ఇక్కడే విడిపోతుంది. ఒకే కొసన రెండు పొడవాటి అలుగులు, ఒకటి మొన తేలింది, ఇంకొకటి మొద్దు మొనది అయితే ట్రాపర్. రెండు కొసల్లో కలిపి మూడు అలుగులుంటే చాలావరకు స్టాక్‌మన్, అంటే పశువుల కాపరుల చాకు. అందులోని మొద్దు మొన అలుగు పేరు స్పే. కోడెల వృషణాలు తీసేటప్పుడు మొన పొరపాటున గుచ్చుకోకుండా దాన్ని అలా చేశారు. పడవలా రెండు కొసలూ పైకి లేస్తే కనూ. పిడి ఒకవైపు ఉబ్బి, మరోవైపు పొడవాటి లోహపు తొడుగు ఉంటే బార్లో.

2. అలుగు మొదట్లో ముద్ర చదవండి

పిడిలోకి దిగేచోట పదును లేని భాగాన్ని టాంగ్ అంటారు. భూతద్దం, పక్కనుంచి పడే వెలుతురు ఉంటే అరిగిన అక్షరాలూ కనబడతాయి. 'కేస్' పేరు పక్కన రెండు ఎక్స్‌లు మాత్రమే ఉంటే సుమారు 1940-64 నాటిది. వాటి కింద యు.ఎస్.ఎ. అని చేరితే 1965-69. 1970లో ఆ ముద్ర కింద 10 చుక్కలు పెట్టారు. ఏటా ఒకటి తీసేస్తూ వచ్చి 1979కి ఒక్క చుక్క మిగిల్చారు. అంటే 6 చుక్కలుంటే 1974. 1980లో మళ్లీ 10 చుక్కలు వచ్చాయి. అయితే అప్పటికి పేరులోని 'ఎస్' మెరుపు తీగలా వంకర తిరిగింది, కాబట్టి తికమక ఉండదు.

ఇంగ్లండ్ షెఫీల్డ్, జర్మనీ జోలింగెన్ చాకులకు వేరే ఆనవాలుంది. దిగుమతి సరుకు మీద తయారైన దేశం పేరు ఉండాలని అమెరికా 1890లో చట్టం చేసింది. అందుకే దేశం పేరున్నవి సాధారణంగా ఆ తర్వాతివే.

3. అంకె విడగొట్టండి

టాంగ్ రెండో వైపు 6254 అని ఉందనుకోండి. మొదటి 6 పిడి రకం, 2 అలుగుల సంఖ్య, 54 నమూనా, అంటే ట్రాపర్. మొదటి అంకె 5 అయితే దుప్పి కొమ్ము. 6 అంటే గాట్లు పెట్టిన ఎముక, కానీ తొందరపడకండి. ఎముకలా కనబడే ప్లాస్టిక్ పిడికీ కేస్ అదే 6 వాడింది. భూతద్దంలో సన్నటి రంధ్రాలు, చిన్న చిన్న గీతలు కనబడితే ఎముక. ఎటు చూసినా నున్నగా ఒకే తీరుగా ఉంటే ప్లాస్టిక్. ధరలో తేడా తెచ్చేది ఇదే.

4. ఒరిజినలేనా?

అన్ని అలుగుల ముద్రలూ ఒకే కాలానివి కావాలి. ఒకదానికి చుక్కలుండి రెండోదానికి లేకపోతే అనుమానించండి. నూరి నూరి అలుగు సన్నబడిందేమో, మూసినప్పుడు లోపలికి మరీ దిగిపోతోందేమో చూడండి. తెరిస్తే ఊగకూడదు, మూస్తే 'టక్'మనాలి. అమ్మేవాళ్లు తళతళా మెరిపించిన చాకు కన్నా, నల్లబడ్డా ముద్ర చెక్కుచెదరనిదే కొనండి. బఫింగ్ చక్రం కింద ముద్ర, అంచులు కరిగిపోయాక చేసేదేమీ లేదు. కొన్నాక మీరూ ఆ పని చేయకండి. మెత్తటి గుడ్డ, రెండు చుక్కల మినరల్ ఆయిల్ చాలు.

5. దాచేటప్పుడు

తోలు ఒరలో ఉంచి మరిచిపోవద్దు, తోలు తేమను పీల్చుకుని ఇనుముకు తుప్పు పట్టిస్తుంది. విశాఖ, కాకినాడ వంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, మధ్యమధ్య మారుస్తుండండి. సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్ పిడులను మాత్రం మిగతావాటితో కలపొద్దు. రుద్దితే కర్పూరం వాసన వస్తే అది సెల్యులాయిడే. పాతబడేకొద్దీ దాన్నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి పక్కనున్న చాకులనూ తినేస్తుంది. దాన్ని విడిగా, గాలి ఆడేచోట పెట్టండి.