సైట్ చెయ్యి దాటిపోయిందా? రీసెట్ మెయిల్ ఎక్కడికి పోతోందో ముందు చూడండి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో సంఘాలకు, ట్రస్టులకు, గుడి కమిటీలకు పోయిన వెబ్‌సైట్లు మళ్లీ చేతికి తెచ్చిపెట్టడం చాలాకాలంగా నా పని. ఫోన్‌లో మొదటి మాట ఎప్పుడూ ఒకటే: "సైట్ చేసిన కుర్రాడు దొరకట్లేదండీ." దొరికినా చాలాసార్లు అతని దగ్గరా ఏమీ ఉండదు. పాత ఫోన్ పోయి ఉంటుంది, కంపెనీ మారి హైదరాబాద్ వెళ్లిపోయి ఉంటాడు, అప్పటి మెయిల్ అతనికే తెరుచుకోదు. అతనితో తగువు పెట్టుకోకండి, తర్వాత అతని సంతకం అవసరం పడొచ్చు. పాస్‌వర్డ్ కోసం పట్టుబట్టకుండా మూడు సంగతులు అడగండి: డొమైన్ (అంటే సైట్ పేరు, దాని చిరునామా) ఏ మెయిల్‌తో కొన్నాడు, డబ్బు ఎవరి ఖాతా నుంచి కట్టాడు, పాత బిల్లు ఏదైనా ఉందా.

ఈలోగా లుకప్ డాట్ ఐకాన్ డాట్ ఆర్గ్‌లో మీ డొమైన్ పేరు కొట్టి చూడండి. డాట్ ఇన్ అయితే రిజిస్ట్రీ డాట్ ఇన్‌లో. రిజిస్ట్రార్ (డొమైన్ అమ్మిన కంపెనీ) ఎవరు, గడువు ఎప్పటిదాకా, స్టేటస్ ఏమిటి, నేమ్‌సర్వర్లు (సైట్, మెయిల్ ఎక్కడున్నాయో చెప్పే సర్వర్లు) ఎవరివి అన్నీ అక్కడే కనిపిస్తాయి. రెండు నిమిషాల పని. ఇది చెయ్యకుండా వారం రోజులు ఊరంతా తిరిగినవాళ్లను ఎంతమందిని చూశానో.

సైట్ కనిపిస్తోంది, అడ్మిన్‌లోకి మాత్రం వెళ్లలేకపోతున్నారు

హోస్టింగ్ ప్యానెల్ (సైట్ ఫైళ్లు ఉంచే కంపెనీ ఇచ్చే కంట్రోల్ పేజీ) మీ చేతిలో ఉంటే ఇది పెద్ద సమస్యే కాదు. సైట్ వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌తో చేసినదైతే, ఆ ప్యానెల్‌లో డేటాబేస్ చూపించే పీహెచ్‌పీ మై అడ్మిన్ తెరిచి, యూజర్స్ టేబుల్‌లో అడ్మిన్ మెయిల్ మార్చి, లాగిన్ పేజీ నుంచి పాస్‌వర్డ్ రీసెట్ చేసుకోండి. లోపలికి వెళ్లాక మీకు తెలియని అడ్మిన్లు ఎవరైనా ఉంటే తీసెయ్యండి.

సైట్ అసలు రావట్లేదు

ముందు స్టేటస్ చదవండి. డాట్ కామ్, డాట్ ఆర్గ్ లాంటివాటికి గడువు దాటాక రిజిస్ట్రార్‌ను బట్టి గరిష్ఠంగా 45 రోజుల వరకు మామూలు రెన్యువల్‌కు వీలుంటుంది. తొలగించాక 30 రోజులు రిడెంప్షన్ పీరియడ్, అంటే అదనపు రుసుము కడితే వెనక్కి వస్తుంది. చివరి 5 రోజులు పెండింగ్ డిలీట్, అప్పుడిక ఎవరూ ఏమీ చెయ్యలేరు. గడువు ఉండి కూడా క్లయింట్ హోల్డ్ అని కనిపిస్తే డబ్బు కట్టి లాభం లేదు. రిజిస్ట్రారే ఆపి ఉంచాడన్నమాట. ఎక్కువగా, రిజిస్టర్ చేసినప్పుడు వచ్చిన వెరిఫికేషన్ మెయిల్‌ను 15 రోజుల్లో ఎవరూ క్లిక్ చెయ్యకపోవడమే కారణం.

డీఎన్ఎస్ (డొమైన్ పేరు ఏ సర్వర్‌కు వెళ్లాలో చెప్పే రికార్డులు) ఎంత మార్చినా ఏమీ మారట్లేదు

నేమ్‌సర్వర్లు ఒకచోట ఉంటే మీరు ఇంకోచోట మారుస్తున్నారు. లుకప్‌లో కనిపించే నేమ్‌సర్వర్ ఎవరిదో, రికార్డులు వాళ్ల దగ్గరే మార్చాలి.

రీసెట్ కొడుతున్నాం, మెయిల్ రావట్లేదు

నన్ను బాగా దెబ్బకొట్టింది ఇదే.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరితోటల్ని నేలమట్టం చేసింది. ఆ తర్వాత మళ్లీ మొక్కలు నాటడానికి విరాళాల కోసం అక్కడి సంఘం ఒకటి సైట్ పెట్టుకుంది. కార్యదర్శి రిటైరైన హెడ్మాస్టరు. సైట్ చేసిన కుర్రాడు నిజాయితీపరుడు, డొమైన్‌ను తన పేరున కాకుండా సంఘం పేరునే కొన్నాడు. కొన్నేళ్ల తర్వాత సైట్ ఆగిపోయింది. డొమైన్ గడువు ఇంకా ఏడు నెలలుంది, రిజిస్ట్రార్ ఎవరో తెలుసు. పాస్‌వర్డ్ రీసెట్ కొడితే సరిపోతుందనుకున్నాను. రెండు రోజుల్లో ఎనిమిదిసార్లు కొట్టాం. ప్రతిసారీ "స్పామ్‌లో చూడండి మాస్టారూ" అన్నాను. పాపం, ఆయన తన జీమెయిల్ అంతా గాలించారు.

చివరికి ఆయనే అడిగారు: "అది సరే బాబూ, ఆ ఉత్తరం ఏ డబ్బాలో పడతాంది?"

అప్పుడు చూశాను. రీసెట్ నొక్కాక వచ్చే పేజీలో చిన్న అక్షరాలతో ఒక మెయిల్ ఉంటుంది: మొదటి అక్షరం, కొన్ని చుక్కలు, ఎట్ గుర్తు, మళ్లీ ఒక అక్షరం, చుక్కలు, డాట్ ఆర్గ్. జీమెయిల్ కాదు. ఆ డాట్ ఆర్గ్ సంఘం సొంత డొమైనే! హోస్టింగ్ బిల్లు కట్టకపోవడంతో సైట్‌తో పాటు ఆ మెయిల్ పెట్టె కూడా మూతపడింది. మూతపడిన పెట్టెలోకే తాళంచెవి పంపించమని ఎనిమిదిసార్లు అడిగాం.

అందుకే ఇప్పుడు ఎవరు పిలిచినా రీసెట్ పేజీ ఫొటో పంపమంటాను. చుక్కల తర్వాత మీ డొమైనే ఉంటే మళ్లీ మళ్లీ నొక్కకండి, ఖాతా లాక్ పడొచ్చు. డొమైన్ మెయిల్ ఏ సర్వర్‌కు వెళ్లాలో చెప్పేది ఎమ్ఎక్స్ రికార్డు, దాన్ని చూసే ఉచిత సైట్లున్నాయి, అందులో డొమైన్ పేరు కొట్టండి. రికార్డు లేకపోయినా, ఆగిపోయిన సర్వర్‌నే చూపిస్తున్నా మీ కేసూ ఇదే.

దారులు మూడు. హోస్టింగ్ ఆగితే హోస్టింగ్ కంపెనీకి ఫోన్ చేసి బకాయి కట్టండి. ఖాతాను ఇంకా చెరిపెయ్యకపోతే పెట్టె మళ్లీ తెరుచుకుంటుంది. మాస్టారి ఓచర్ల ఫైల్లో గుండుసూదితో గుచ్చిన పాత ఇన్వాయిస్ ఒకటి దొరికింది. దాని మీది నంబరు చెబితే సపోర్టువాళ్లు డబ్బు తీసుకున్నారు, సాయంత్రానికి మెయిల్ లేచింది. తొమ్మిదోసారి కొట్టిన రీసెట్ నిమిషంలో వచ్చింది.

డొమైన్ గడువే తీరిపోయి ఉంటే రెన్యువల్ చెయ్యండి. కొందరు రిజిస్ట్రార్లు లాగిన్ లేకుండానే ఎవరు కట్టినా తీసుకుంటారు. హోస్టింగ్ బతికుంటే దాంతో మెయిల్ కూడా తిరిగొస్తుంది.

ఈ రెండూ కుదరకపోతే కాగితాల దారి. సొసైటీ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, పాన్, మీకు అధికారం ఇస్తూ కమిటీ చేసిన తీర్మానం, డొమైన్ కొన్న బిల్లు జతచేసి రిజిస్ట్రార్‌కు రాయండి. సర్టిఫికెట్‌లోని పేరూ డొమైన్ రికార్డులోని పేరూ అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఒకచోట "సమితి", ఇంకోచోట "సంఘం" అని ఉన్నందుకు నాకు ఒక ఫైలు వెనక్కి వచ్చింది. రికార్డులో డెవలపర్ పేరే ఉంటే రిజిస్ట్రార్ లెక్కలో యజమాని అతనే. అతని సంతకంతో ఉత్తరం తెచ్చుకోవాలి.

డొమైన్‌ను ఎవరో దొంగిలించారనేవాళ్లు చాలామంది, నిజంగా దొంగిలించిన కేసులు బహు తక్కువ. అలాంటిదైతే లాయరును పెట్టుకోండి.

లోపలికి వెళ్లగానే సైట్ బాగుచెయ్యడానికి కూర్చోకండి. ముందు రికవరీ మెయిల్ మార్చండి, అది మీ డొమైన్ మీద ఉండకూడదు. సంఘం కోసమే ఒక జీమెయిల్ తెరిచి ఇద్దరి ఫోన్ నంబర్లు ఇవ్వండి. ఆపైన హోస్టింగ్ ఖాతాలోనూ అదే మెయిల్ పెట్టండి. వేరే రిజిస్ట్రార్‌కు మారాలనుంటే ఆ సంగతి ముందే ఆలోచించండి, యజమాని వివరాలు మార్చాక చాలాచోట్ల 60 రోజులు ట్రాన్స్‌ఫర్ కుదరదు.

మాస్టారి సంఘానికి రికవరీ కోడ్లు (ఫోన్ పోయినా ఖాతాలోకి వెళ్లనిచ్చే అంకెలు) కాగితం మీద ప్రింటు తీసి, కవర్లో పెట్టి అంటించి, మినిట్స్ పుస్తకం ఉండే బీరువాలో పెట్టించాను. కమిటీ మారినప్పుడు బీరువా తాళంతో పాటు ఆ కవరు కూడా కొత్త కార్యదర్శికి అప్పగించాలని తీర్మానం రాసుకున్నారు.