ఇంట్లో వీడియోకే పెట్టుకోవాలంటే

కువైట్‌లో ఆరేళ్లు నర్సుగా చేశాను. గదిలో నాతో ఉన్న ముగ్గురూ ఫిలిప్పీన్స్ వాళ్లే. శుక్రవారం సెలవు రాగానే టీవీ పెట్టి మైకు అందుకునేవాళ్లు. మనం కరావోకే అనేదాన్ని వాళ్లు వీడియోకే అంటారు. తెర మీద మాటలు చూస్తూ పాడటమే. వాళ్ల ఊళ్లలో నాణెం వేసి పాడే మెషీన్లుంటాయి. పుస్తకంలో పాట నంబరు చూసి నొక్కాలి, పాడాక నూటికి ఇన్ని అని మార్కులొస్తాయి. 1971లో జపాన్‌లోని కోబేలో దైసుకే ఇనోవే ఇలాంటి మెషీన్ తయారుచేశాడు కానీ పేటెంట్ తీసుకోలేదు. ఫిలిప్పీన్స్‌లో రొబెర్టో డెల్ రొసారియో మాత్రం తన సింగ్ అలాంగ్ సిస్టమ్‌కి 1983, 1986లలో పేటెంట్లు తీసుకున్నాడు.

ఇప్పుడు హైదరాబాద్ తార్నాకలో మా ఫ్లాట్‌లో రెండో శనివారం సాయంత్రం అమ్మ, పిన్ని, పక్కింటి ఆంటీ ఇలాగే పాడటానికి చేరతారు.

మొదట బ్లూటూత్ స్పీకర్ పెట్టి తప్పు చేశాను. మన గొంతు కాస్త ఆలస్యంగా వినబడి తాళం తప్పుతుంది. కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి వైరు మైకు, పాటనీ గొంతునీ కలిపి స్పీకర్‌కి పంపే చిన్న మిక్సర్ తెచ్చుకోండి. ఫోన్లోని ట్రాక్ (గొంతు లేని పాట సంగీతం), మైకు రెండూ మిక్సర్‌లోకే, అక్కణ్నుంచి వైరుతోనే స్పీకర్‌కి వెళ్లాలి. మైకు పట్టుకున్నవాళ్లు స్పీకర్‌కి ఎదురుగా నిలబడితే కీచుమంటుంది, వెనక నిలబెట్టండి. ఎకో తగ్గించండి, మాట స్పష్టంగా ఉంటేనే పాట.

అసలు పని మాటల దగ్గరుంది. నెట్‌లో దొరికే తెలుగు ట్రాకుల్లో చాలావాటికి సాహిత్యం ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంటుంది. మొదటిసారి అమ్మ మైకు తిరిగిచ్చేసింది. "ఆ అక్షరాల్లో తెలుగు చదవడం నాకు రాదే తల్లీ" అంది. నాకు చాలా బాధేసింది. ఆ రాత్రే కూర్చుని స్లైడ్లు చేశాను. నల్లటి తెర, పసుపు అక్షరాలు, స్లైడుకి రెండే పాదాలు. లాప్‌టాప్‌ని టీవీకి కలిపి ఒకరు బటన్ నొక్కుతూ ఉండాలి. పాదం పూర్తయ్యేదాకా ఆగకండి, చివరి మాట మొదలవగానే స్లైడు మార్చేయండి. లేకపోతే పాడేవాళ్లు ఊపిరి తీసుకుని తెర కోసం ఎదురుచూడాల్సి వస్తుంది.

తర్వాత శ్రుతి. పాత సినిమా పాటలు పైస్థాయిలో ఉంటాయి. పల్లవి బాగానే వస్తుంది, చరణంలో గొంతు పట్టేస్తుంది. శ్రుతి మార్చే యాప్‌లో ట్రాక్ వేసి, ముందుగా చరణంలో అన్నిటికన్నా పై పాదం పాడించి చూడండి. అది అందేదాకా ఒక్కో మెట్టు దించండి.

రాత్రి పదింటికి స్పీకర్ ఆపేయాలి, చట్టం కూడా అదే చెబుతోంది. అందుకే మేం ఆరింటికే మొదలుపెడతాం.

ఫిలిప్పీన్స్ వాళ్ల పుస్తకంలా నేనూ ఒక నోట్‌బుక్ పెట్టాను. నంబరు, పాట, పాడేవాళ్ల పేరు, ఎన్ని మెట్లు దించాలో అందులో ఉంటాయి. పద్నాలుగో నంబరు అమ్మది, మూడు మెట్లు కిందికి. మొన్న రెండు చరణాలూ ఆపకుండా పాడి, పేజీ తిప్పి పదిహేనో నంబరు అడిగింది.